జూలై 6న టీకా వేసే చేత్తోనే మోకాలి చిప్ప కూడా చూడండి

విజయనగరం జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారి గారికి, జిల్లాలోని పశువైద్యులందరికీ,

నమస్కారం.

ఏటా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం పేరుతో మీ ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్, కుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే కుర్రాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు కాబట్టి ఆ రోజు పెట్టుకున్నారు. ఆ రోజు మీ ఆవరణలో చేరినన్ని పెంపుడు కుక్కలు ఏడాదిలో ఇంకే రోజూ ఒకచోట చేరవు. మామూలు రోజుల్లో ఆసుపత్రి గేటు దాటని వాళ్లు కూడా ఆ పూట గొలుసు పట్టుకుని వరసలో నిలబడతారు. నా విన్నపం ఆ వరస గురించే. టీకా వేస్తూనే ఆ కుక్క వెనక కాళ్ల మోకాలి చిప్పలు రెండూ పక్కకి జారుతున్నాయేమో ఒకసారి తడిమి చూడండి. చూసి, చిప్ప ఎంత జారుతోందో చెప్పే గ్రేడు అంకె టీకా కార్డు మీద కుడికి ఒకటి, ఎడమకి ఒకటి రాసి ఇవ్వండి. మిగతా ఉత్తరమంతా ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే.

ఊళ్లో నాకు పెట్ గ్రూమింగ్ షాపు ఉంది. కుక్కలకు, అప్పుడప్పుడు పిల్లులకు స్నానం చేయించి, బొచ్చు కత్తిరించి, గోళ్లు తీసి పంపుతుంటాను. డాక్టర్ని కాను, కాంపౌండర్ని కూడా కాను. కానీ తడి కుక్కను బల్ల మీద నిలబెట్టి డ్రయ్యరుతో ఆరబెట్టాలంటే వెనక కాలు ఒక చేత్తో పట్టుకోక తప్పదు. అప్పుడు బొచ్చు ఒంటికి అతుక్కుపోయి ఉంటుంది, లోపలున్న ఎముకలు వేళ్లకి తెలుస్తుంటాయి. కొన్ని కుక్కలకి కాలు కొంచెం చాపి లోపలికి తిప్పానో లేదో, బొటనవేలి కింద గోరంత ఎముక ఒకటి టిక్కుమని పక్కకి జారుతుంది. వదిలేస్తే మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. కుక్క మూలగదు, కనీసం తల తిప్పి చూడదు. "దీని చిప్ప జారుతోంది, డాక్టరుగారికి ఒకసారి చూపించండి" అంటే, "అబ్బే, దానికి నొప్పేటీ లేదమ్మా, శుభ్రంగా పరిగెడతాది" అంటారు. మళ్లీ నెల స్నానానికి వస్తారు, చిప్ప కూడా అలాగే వస్తుంది.

నొప్పి లేదనే మాటలోనే ఉంది తిరకాసంతా. అందుకే ఈ జబ్బు సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ఇది మీకు తెలియక కాదు. బహిరంగ లేఖ కదా, కుక్కలు పెంచేవాళ్లూ చదువుతారు.

ముందు అసలు కుక్క మోకాలు ఎక్కడుందో చాలామందికి తెలియదు. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించేదే మోకాలు అనుకుంటారు. అది మడమ. మోకాలు దానికి పైన, పొట్ట పక్కన, బొచ్చు చాటున ఉంటుంది, మన మోకాలిలాగే ముందుకి తిరిగి ఉంటుంది. కుంటుతోందని నా దగ్గరికి తెచ్చినవాళ్లు పాదం చూపించి ముల్లుందేమో చూడమంటారు, లేదంటే మడమ పట్టుకుని వాచిందేమో అంటారు. పైకి మాత్రం ఎవరూ వెళ్లరు.

తొడ ముందున్న పెద్ద కండరం కిందికి దిగి గట్టి స్నాయువుగా మారి, మోకాలి మీదుగా వచ్చి కింది ఎముక ముందున్న గుబ్బకి అతుక్కుంటుంది. చిప్ప ఉండేది ఆ స్నాయువులోనే. తొడ ఎముక చివర ఒక గాడి ఉంటుంది, కాలు వంచి చాపినప్పుడల్లా చిప్ప ఆ గాడిలో కిందికీ పైకీ నడుస్తుంది, నూతి గిలక మీద తాడు నడిచినట్టు. గిలక గాడికి లోతు చాలకపోయినా, గిలక ఒక పక్కకి ఒరిగి ఉన్నా తాడు పక్కకి దిగిపోతుంది, ఎంత లాగినా చేద పైకి రాదు. కుక్క కాలికీ అదే జరుగుతుంది. చిప్ప పక్కకి దిగిపోయినంతసేపూ తొడ కండరం ఎంత లాగినా మోకాలు చాచుకోదు. దాంతో కాలు ఎత్తీసి, మూడు కాళ్ల మీద రెండు మూడు గెంతులు వేస్తుంది. కాలు ఒకసారి వెనక్కి విదిలిస్తుంది. చిప్ప గాడిలో పడుతుంది. మళ్లీ ఏమీ జరగనట్టు పరిగెడుతుంది. చిన్న జాతుల్లో చిప్ప ఎక్కువగా లోపలి వైపుకి, అంటే రెండో కాలి వైపుకి దిగుతుంది. బయటి వైపుకి దిగే కేసులు పెద్ద జాతుల్లో కనిపిస్తాయి. పామేరియన్, చివావా, పూడిల్, యార్క్‌షైర్ టెర్రియర్ లాంటి చిన్న కుక్కలకి ఈ జబ్బు ఎక్కువని పశువైద్య పుస్తకాలన్నీ చెబుతాయి. (మన దగ్గర పామేరియన్ అని అమ్మేవాటిలో చాలామట్టుకు ఇండియన్ స్పిట్జ్‌లే. ఆ పంచాయితీ ఇప్పుడొద్దు. అది కూడా చిన్న కుక్కే, దాని మోకాలు కూడా చూడాల్సిందే.)

దాసన్నపేట నుంచి వచ్చే ఒక పిన్నిగారు మొన్న ఫోను తీసి వాళ్ల కుక్క డాన్సు చూపించారు. తెల్ల బొచ్చుకుక్క గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొస్తూ మధ్యలో కుడి వెనక కాలు కడుపులోకి ముడిచేసి, రెండు గెంతులు వేసి, కాలు వెనక్కి తన్ని దించింది. మళ్లీ నాలుగడుగులకి అదే కాలు. వెనకాల పిల్లల నవ్వులు, దానికి తగ్గ సినిమా పాట. "మా గుంటలు దీన్ని స్టేటస్ పెడితే ఎంతమంది చూసినారో" అని ఆవిడ మురిసిపోతున్నారు. ఆ వీడియో డాక్టరుగారికి చూపించండి పిన్నీ, ఆయనకి అంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు అన్నాను. ఇది హాస్యానికి అన్నమాట కాదు. ఆసుపత్రికి తీసుకెళ్తే భయానికి బిగుసుకుపోయి చక్కగా నాలుగు కాళ్ల మీద నడిచే కుక్కలు ఎన్నో. ఇంట్లో గెంతేటప్పుడు తీసిన వీడియో ఒక్కటి ఉంటే డాక్టరు పని సగం తేలికవుతుంది. ఈ మాట మీ శిబిరం బ్యానరు మీద ఒక మూల రాయించినా మేలే.

డాక్టర్లు దీన్ని నాలుగు గ్రేడులుగా చూస్తారు. చిప్ప గాడిలోనే ఉండి, వేలితో నెడితే పక్కకి పోయి, వదలగానే వచ్చేస్తే ఒకటి. దానంతట అదే జారుతూ, దానంతట అదే వస్తూ పోతూ ఉంటే రెండు. ఎప్పుడూ పక్కనే ఉండిపోయి, చేత్తో నెడితే గాడిలోకి వచ్చి, వదిలితే మళ్లీ పక్కకి పోతే మూడు. చేత్తో నెట్టినా రాకుండా పక్కనే పాతుకుపోతే నాలుగు. చదవడానికి వరసగా మెట్లు ఎక్కినట్టు ఉంటుంది కానీ, ఇంట్లో వాళ్ల కంటికి కనిపించేది వేరేలా ఉంటుంది. అందరి కంటా పడేది రెండో గ్రేడు. కుక్క గెంతుతుంది, ఆగుతుంది, గెంతుతుంది. మూడో గ్రేడు వచ్చాక ఆ గెంతులు తగ్గిపోవచ్చు. ఎందుకంటే చిప్ప ఇక రావడం, పోవడం లేదు. అది పక్కనే ఉండగా మోకాళ్లు వంచుకుని, నడుము దించుకుని, కాళ్లు దొడ్డిగా పెట్టి నడవడం కుక్క నేర్చేసుకుంటుంది. ఇంట్లో వాళ్లేమో "కుంటడం మానేసింది, తగ్గిపోనాది" అని సంతోషిస్తారు. తగ్గలేదు, ముదిరింది. కార్డు మీద అంకె ఉంటే నిరుడు 2, ఈ ఏడు 3 అని కళ్లెదుట కనిపిస్తుంది. ఎవరి నోటి మాటా నమ్మక్కర్లేదు.

వయసు సంగతి కూడా ఉంది. ఈ జబ్బు చాలావరకు పుట్టుకతో వచ్చే ఎముకల అమరికని బట్టే వస్తుంది. బండి గుద్దడం వల్లనో, మేడ మీంచి పడడం వల్లనో వచ్చేవి తక్కువ. పెరిగే కుక్కపిల్లలో చిప్ప గాడిలో ఒత్తుకుంటూ ఉంటేనే ఆ గాడి లోతుగా తయారవుతుంది. చిప్ప పక్కనే ఉండిపోతే గాడి పల్చగా మిగిలిపోతుంది, కండరం పక్కకి లాగుతూ ఉంటుంది కాబట్టి పెరిగే ఎముకలు కూడా వంకర తిరుగుతాయి. రేబిస్ టీకా మొదటిసారి వేసేది మూడు నెలల వయసులో. చిప్ప చూడడానికి కూడా అదే మంచి సమయం. మళ్లీ ఏడాది నిండాక వచ్చే టీకాకి ఎదిగిన కాలు చూడొచ్చు. మీ టీకా తేదీలు ఈ జబ్బుకి అచ్చంగా కుదురుతాయి. వేరే శిబిరం పెట్టమని అడగకుండా జూలై 6నే పట్టుకుని కూర్చోవడానికి కారణం ఇదే.

చూడకుండా వదిలేస్తే ఏమవుతుంది? కొన్నిటికి ఏమీ కాదు. ఒకటో గ్రేడు కుక్క ముసలిదయ్యేవరకు హాయిగా బతికేయవచ్చు, దానికి కత్తి అక్కర్లేదు. కానీ చిప్ప వచ్చిపోతూ ఉన్నకొద్దీ దాని అడుగునున్న మెత్తటి పొర అరుగుతుంది, కీలు వాస్తుంది. నడివయసు దాటిన కుక్కల్లో మోకాలి లోపలుండే క్రూసియేట్ లిగమెంటు తెగే ప్రమాదం పెరుగుతుంది. అది తెగితే ఇంక గెంతులు ఉండవు, కాలు నేల మీద పెట్టనే పెట్టదు. పైగా ఈ చిప్ప జారడం ఒక్క కాలితో ఆగేది కాదు, దగ్గర దగ్గర సగం కుక్కల్లో రెండు మోకాళ్లకీ ఉంటుంది. కుంటే కాలు ఒకటే అయినా రెండూ చూడమనడం అందుకే.

"ఆవులకీ గేదెలకీ సూదులేయడానికే మనుషులు చాలరు, బొచ్చుకుక్కల మోకాళ్లు చూస్తామా" అని మీ ఆఫీసులో ఎవరైనా అంటే నేను తప్పు పట్టను. ఈ జిల్లాలో పాలగేదె పోతే ఆ ఇంటి గతి ఏమిటో బొబ్బిలి, గజపతినగరం పల్లెల్లో తిరిగే మీకు నాకంటే బాగా తెలుసు. కానీ చిప్ప మీకు కొత్తదేమీ కాదు. దుక్కిటెద్దో, గేదో ఉన్నట్టుండి వెనక కాలు వెనక్కి బిగుసుకుపోయి, వంచలేక, గిట్ట ముందు భాగం నేల మీద రాసుకుంటూ ఈడ్చుకుపోతుంది. పొద్దున్నే లేచినప్పుడు మరీ ఎక్కువ. అది కూడా మోకాలి చిప్పే. పశువుల్లో అది పక్కకి జారదు, గాడి పైనున్న గట్టు మీదికి ఎక్కి చిక్కుకుంటుంది. మీ డాక్టర్లు అక్కడ మొద్దుబార్చే మందు ఇచ్చి, చిన్న గాటు పెట్టి, చిప్పని కింది ఎముకకి కట్టి ఉంచే లోపలి వైపు బంధనం తెంపేస్తారు. బిగుసుకున్న కాలు అప్పటికప్పుడు వదులవుతుంది. పశువుకి మోకాలి దగ్గర అలాంటి బంధనాలు మూడున్నాయి కాబట్టి ఒకటి తెంపినా నడుస్తుంది. కుక్కకున్నది ఒక్కటే, ఆ వైద్యం దీనికి పనికిరాదు. నేను చెప్పేదల్లా చిప్ప ఎక్కడుందో వేలితో కనిపెట్టడం మీ చేతులకి రోజూ ఉన్న అలవాటే అని. ఎక్స్‌రే అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ఒక చేత్తో కాలి కింది భాగం పట్టుకుని, రెండో చేతి వేళ్ల మధ్య చిప్పని పెట్టుకుని, కాలు చాపి, పాదం లోపలికి తిప్పి ఒకసారి, బయటికి తిప్పి ఒకసారి నెట్టి చూడడమే.

ఇక అసలు గొడవ, ఆడ, మగ కుక్కల్ని జత కలిపే క్రాసింగ్‌ది. మన ఊళ్లో కుక్కపిల్లల వ్యాపారం దుకాణాల్లో కంటే ఇళ్లలోనే ఎక్కువ. "పామ్ మేల్ ఉంది, క్రాసింగ్‌కి కావాలంటే చెప్పండి" అని స్టేటస్ పెడతారు. ఆడకుక్క ఉన్నవాళ్లు ఆటోలో తీసుకెళ్తారు. పిల్లలు పుట్టాక మగకుక్క వాళ్లకి ఒక పిల్ల ఇవ్వాలి, లేదా పిల్ల ధర ఇవ్వాలి. రంగు చూస్తారు, బొచ్చు చూస్తారు, మూతి ఎంత పొట్టిగా ఉందో చూస్తారు, సర్టిఫికెట్టు ఉందా అని కూడా అడుగుతారు. మోకాలు మాత్రం ఎవరూ చూడరు. నా బల్ల మీద రెండు మోకాళ్లూ టిక్కుమన్న మగకుక్క ఒకటి ఉంది, మహా అందగాడు. దాని పిల్లలు కొన్ని కూడా స్నానానికి నా దగ్గరికే వస్తాయి, వాటి మోకాళ్లు కూడా అదే పాట పాడతాయి. ఆ యజమానికి ఉన్నమాట చెప్పాను. "మా వాడికి ఏ రోగమూ లేదు, మీ చేతులు మొరటు" అన్నారు. గ్రూమర్ చెబితే ఎవరు వింటారు చెప్పండి? అదే ప్రభుత్వ ఆసుపత్రి ముద్ర ఉన్న కార్డు మీద కుడి 2, ఎడమ 2 అని ఉంటే ఆడకుక్క వాళ్లు గుమ్మంలోనే అడుగుతారు. మీరు ఎవరికీ జరిమానా వేయక్కర్లేదు, ఎవరితోనూ తగువు పడక్కర్లేదు. బేరం దగ్గర జనమే చూసుకుంటారు.

ఆపరేషన్ చేయించిన కుక్కని కూడా క్రాసింగ్‌కి వాడకూడదు. కాలు బాగవుతుంది గానీ నెత్తురులో ఉన్నది మారదు, పిల్లలకి పోతుంది. ఇది మీరు గట్టిగా చెప్పాల్సిన మాట. "ఆపరేషన్ అయిపోయింది, ఇప్పుడు ఫస్ట్ క్లాసు" అని మగకుక్కని తిప్పేవాళ్లు ఉన్నారు.

అన్నట్టు, కుక్కల పెంపకం, అమ్మకాల మీద 2017 నుంచి కేంద్రం నియమాలు ఉన్నాయి. పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు చేయించుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. ఊళ్లో కళ్లు తెరిచీ తెరవని పిల్లలు అట్టపెట్టెల్లో చేతులు మారుతున్నాయి. ఆ నియమాలు అమలు చేయమని వేరే ఉత్తరం రాయాలి, ఇందులో కలిపితే రెండూ పోతాయి.

పిల్లుల గురించి రెండు మాటలు. అబిసీనియన్, డెవన్ రెక్స్ జాతుల్లో చిప్ప జారడం ఎక్కువ అంటారు, అవి మన వైపు కనపడవు. ఇక్కడున్నవి పర్షియన్లు, మన మామూలు ఇంటి పిల్లులు. వాటికీ వస్తుంది. కాకపోతే పిల్లి కుక్కలా గెంతి చూపించదు, చేసే పని మానేస్తుంది అంతే. తోటపాలెంలో ఒక పిల్లి అటక ఎక్కడం మానేసింది. కిటికీ గట్టు మీదికి కూడా ముందు కాళ్లతో పట్టుకుని ఈడ్చుకుంటూ ఎక్కేది. "వయసైపోయింది" అనుకున్నారు. దాని వయసు రెండేళ్లు కూడా లేదు. పిల్లి చిప్పకి మామూలుగానే కాస్త వదులు ఎక్కువని, అందుకని వేలికి కదిలినంత మాత్రాన జబ్బు అనకూడదని డాక్టర్లు చెబుతారు. అందుచేత పిల్లికి అంకె వేసేముందు ఎక్కడం, దూకడం మానేసిందా అని ఇంట్లో వాళ్లని అడగండి. శిబిరానికి పిల్లులు తక్కువే వస్తాయి లెండి.

ఈ జబ్బుకి ఇళ్లలో జరుగుతున్న వైద్యం చూస్తే మాత్రం భయం వేస్తుంది. ఆముదం కాచి మర్దనా చేస్తారు, పోనీ అనుకుందాం. గుడ్డ బిగించి కట్టేస్తారు, పాదం వాచిపోతుంది. కాల్షియం టానిక్కు సీసాలు సీసాలు పోస్తారు. గాడి లోతు తక్కువైన ఎముకకి కాల్షియం ఏం చేస్తుంది? అన్నిటికంటే ఘోరం మనుషుల మాత్రలు. ఇంట్లో అమ్మమ్మ మోకాళ్ల నొప్పులకి వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ కుక్కకి వేస్తే కడుపులో పుండ్లు పడి నల్లగా విరేచనం అవుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. పిల్లికైతే జ్వరం మాత్ర పారాసిటమాల్ ఒక్కటి చాలు ప్రాణం పోవడానికి. ఆ మందుని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. టీకా కార్డు వెనక ఖాళీగా ఉండే చోట ఈ ఒక్క వాక్యం అచ్చు వేయించండి: మనుషుల నొప్పి మాత్రలు కుక్కలకీ పిల్లులకీ వేయకండి.

కార్డు మీద అంకె చూసి జనం కంగారు పడతారేమో అని మీకు అనుమానం రావచ్చు. పడతారు. అందుకే అంకెతోపాటు ఏం చెయ్యాలో కూడా ఒక మాట చెప్పాలి. ఒకటి అంటే కత్తి మాట ఎత్తక్కర్లేదు. ఒళ్లు తగ్గించాలి. మన ఊళ్లో బొచ్చుకుక్కలు పెరుగన్నం, బిస్కెట్లు తిని బస్తాల్లా ఉంటాయి, బొచ్చు చాటున తెలియదు గానీ తడిపితే తెలుస్తుంది. పక్కటెముకలు చేతికి తగలాలి. కొత్త ఇళ్లలో నున్నటి టైల్సు, గ్రానైటు మీద కాలు జారకుండా కుక్క తిరిగే దారిలో గోనెసంచో, కొబ్బరిపీచు పట్టానో పరచాలి. స్కూటీ ముందు నిలబెట్టి తీసుకెళ్లేవాళ్లు బండి ఆపగానే దూకనివ్వకూడదు, ఎత్తి దించాలి. మంచం మీంచి, సోఫా మీంచి కూడా అంతే. రోజూ గొలుసు పట్టుకుని నెమ్మదిగా నడిపిస్తే తొడ కండ గట్టిపడుతుంది. రెండు అయ్యి తరచుగా కుంటుతుంటే, మూడు, నాలుగు అయితే ఆపరేషన్ గురించి మాట్లాడాలి. గాడిని లోతు చేస్తారు, స్నాయువు అతుక్కున్న గుబ్బని ఎముకతో సహా కోసి వరసలోకి జరిపి పిన్నులతో బిగిస్తారు, వదులుగా ఉన్న పక్క బిగించి కుడతారు. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు దాన్ని దూకనివ్వకుండా కట్టడి చేయడం ఇంట్లో వాళ్ల పని. అసలు కష్టం అక్కడే ఉంది, చాలామంది ఓడిపోయేది కూడా అక్కడే. మూడో గ్రేడు వరకు ఫలితం బాగానే ఉంటుంది. నాలుగులోకి పోయి ఎముకలు వంకర తిరిగాక పని పెద్దది, నమ్మకం తక్కువ.

ఇలాంటి ఎముకల ఆపరేషన్ అనగానే మన జనం విశాఖ దారి పడతారు. డబ్బున్నవాళ్లు వెళ్తారు, లేనివాళ్లు ఊరుకుంటారు. కానీ గరివిడిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి వెటర్నరీ కాలేజీ ఉంది. మన జిల్లాలోనే, చీపురుపల్లి పక్కనే, రైల్వే స్టేషను కూడా ఉన్న ఊరు. అటు ఆమదాలవలస వాళ్లకీ ఇటు నెల్లిమర్ల వాళ్లకీ అదే లైను మీద. డాక్టరు చదువులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది కదా, ఆ పిల్లల్ని జూలై 6న విజయనగరం, బొబ్బిలి, రాజాం శిబిరాలకి ఇద్దరేసి పంపమని కాలేజీ వారిని మీరు అడగొచ్చు. మీ డాక్టరు టీకా వేస్తుంటే, పక్కన వాళ్లు చిప్ప చూసి అంకె చెబుతారు, మీ డాక్టరు సంతకం పెడతారు. ఒక్క పూటలో అన్ని మోకాళ్లు చేతిలో పడితే వాళ్లకి అంతకంటే పాఠం ఏముంటుంది? మంచి మోకాలు ఎలా ఉంటుందో చేతికి తెలిస్తేనే చెడ్డది తెలుస్తుంది. ఆ రోజు రాసిన అంకెలు ఒక రిజిస్టరులోకి ఎక్కితే, మన జిల్లాలో ఏ జాతికి ఎంత ఉందో లెక్క కూడా తేలుతుంది. గ్రేడు 3, 4 తేలినవాటిని తేదీ ఇచ్చి గరివిడికి పంపే చీటీ ఒకటి అక్కడే రాసిస్తే ఇంకా మంచిది.

పల్లెల్లో సంగతి వేరు. అక్కడ రైతు సేవా కేంద్రాల్లో ఉండే పశుసంవర్ధక సహాయకులే టీకా వేస్తారు. వాళ్లని గ్రేడు వేయమనడం న్యాయం కాదు. "కాలు ఎత్తి గెంతుతుందా?" అని ఒక్క ప్రశ్న అడిగి, అవునంటే కార్డు మీద గుర్తు పెట్టి డాక్టరుగారికి చూపించమంటే చాలు. 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార వైద్య వాహనాల వాళ్లకి కూడా ఇదే మాట చెప్పవచ్చు.

కరిచే కుక్కల సంగతి అడుగుతారేమో. టీకాకే మూతి కట్టి పట్టుకోవాల్సిన కుక్క మోకాలు చూడక్కర్లేదు, కార్డు మీద "చూడలేదు" అని రాసేయండి. అలాగే వరస మరీ పొడుగైతే ముందు మూడు నెలల పిల్లల్నీ, క్రాసింగ్‌కి వాడే మగకుక్కల్నీ చూడండి. మొదటి ఏడు అంతవరకు జరిగినా నాకు సంతోషమే.

కార్డు కొత్తగా అచ్చు వేయించడానికి ఇప్పుడు వ్యవధి లేదంటారా, రబ్బరు స్టాంపు చాలు. "మోకాలి చిప్ప: కుడి ___ ఎడమ ___ తేదీ ___ సంతకం ___". గంటస్తంభం దగ్గర స్టాంపులు చేసేవాళ్లు సాయంత్రానికి ఇచ్చేస్తారు, ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను. శిబిరం రోజు షాపు మూసేసి, నిలబడని కుక్కల్ని పట్టుకోవడానికి నేనూ నా దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రాళ్లూ వస్తాం. జారని రబ్బరు పట్టా వేసిన బల్ల ఒకటి మా షాపు నుంచే తెస్తాం. ఎన్ని గంటలకి రావాలో ఒక్క మాట చెప్పించండి.

ఇట్లు
పెట్ గ్రూమింగ్ షాపు నడిపే ఒక విజయనగరం మహిళ